ఒకే చదువు చదివిన అన్నాచెల్లెళ్ల జీతాల మధ్య ఇంత తేడా ఎందుకు వచ్చింది?

గోదావరి మాస్టారు:

సభ్యులందరికీ నమస్కారం. నేను ముప్పై నాలుగేళ్లు ఉన్నత పాఠశాలలో గణితం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని. మాది తూర్పు గోదావరి జిల్లా. నాకు ఒక కొడుకు, వాడికంటే ఏడాదిన్నర చిన్నదైన ఒక కూతురు. ఇద్దరూ ఒకే ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్సే చదివారు. మార్కుల్లో అమ్మాయిదే పైచేయి. 2012లో అబ్బాయి, 2013లో అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగాల్లో చేరారు. అమ్మాయి మొదటి జీతం అన్న మొదటి జీతం కంటే నెలకు రెండు వేలు ఎక్కువ.

ఇద్దరి ఆదాయపు పన్ను రిటర్నులు మొదటి నుంచీ నేనే దాఖలు చేస్తున్నాను. ఈ ఏడాది ఆ పని ముగించాక, ఊరికే కూర్చోలేక, ఇన్నేళ్ల ఫారం 16లనూ (ఏడాది జీతం, పన్ను వివరాలతో సంస్థ ఇచ్చే పత్రాలు) వరుసగా పెట్టి గ్రాఫు కాగితం మీద రెండు గీతలు గీశాను. 2017 వరకు ఆ రెండు గీతలూ దాదాపు ఒకదాని మీద ఒకటి నడిచాయి. 2018లో మనవడు పుట్టాడు. అమ్మాయి ప్రసూతి సెలవు పూర్తయ్యాక మూడు నెలలు ఉద్యోగానికి వెళ్లి మానేసింది. రెండున్నరేళ్ల తర్వాత ఒక చిన్న కంపెనీలో చేరింది. నేడు ఆమె వార్షిక జీతం అన్న జీతంలో సగానికి కొంచెం తక్కువ. విరామం రెండున్నరేళ్లే అయినా గీతల మధ్య దూరం ఏటేటా పెరుగుతూనే ఉంది.

చదువు సమానంగా చెప్పిస్తే సంపాదన సమానంగా వస్తుందని నా ఉద్యోగ జీవితమంతా ఆడపిల్లల తల్లిదండ్రులకు చెబుతూ వచ్చాను. పదో తరగతితో చదువు మాన్పించబోయిన ఇళ్లకు వెళ్లి మరీ చెప్పాను. నేను వాళ్లకు చెప్పినదాంట్లో తప్పు ఎక్కడుంది? తెలిసినవారు వివరించగలరని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

అర్థశాస్త్రం మేడమ్:

మాస్టారూ, నమస్కారం. డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం బోధిస్తున్నాను. మీరు గ్రాఫు కాగితం మీద చూసినదాన్నే అమెరికాలో మరియాన్ బెర్ట్రాండ్, క్లాడియా గోల్డిన్, లారెన్స్ కాట్జ్ అనే ముగ్గురు పరిశోధకులు వేలమంది జీతాల్లో చూసి 2010లో ప్రచురించారు. 1990కీ 2006కీ మధ్య చికాగో విశ్వవిద్యాలయంలో ఎంబీఏ పూర్తిచేసిన స్త్రీ పురుషుల సంపాదనను వారు ఏడాది వెంట ఏడాది పోల్చారు. ఉద్యోగంలో చేరిన రోజున వారి జీతాలు దాదాపు సమానం. పది పదిహేనేళ్లు గడిచేసరికి పురుషులు ఎంతో ముందుకు వెళ్లిపోయారు. ఆ తేడాలో చాలా భాగానికి వారు మూడు కారణాలు చూపారు: చదివేటప్పుడు ఎంచుకున్న సబ్జెక్టుల్లోనూ మార్కుల్లోనూ ఉన్న కొద్ది భేదం, ఉద్యోగంలో వచ్చిన విరామాలు, వారానికి పనిచేసే గంటలు. చివరి రెండింటికీ మూలం ఎక్కువగా మాతృత్వమే. భర్త ఆదాయం ఎక్కువగా ఉన్న ఇళ్లలో తల్లులు ఉద్యోగం తగ్గించుకోవడం మరీ ఎక్కువగా కనిపించింది.

2023లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నది ఆ గోల్డిన్ గారే. ఆవిడ చెప్పే ఒక మాట మీ అమ్మాయి విషయంలో ఆలోచించదగినది. కొన్ని ఉద్యోగాల్లో జీతం గంటల లెక్కన సమానంగా పెరగదు. ఎప్పుడు పిలిస్తే అప్పుడు పలికేవారికి, రాత్రి పదింటికి ఫోను ఎత్తేవారికి గంటకు వచ్చే ప్రతిఫలమే పెరుగుతుంది. రెట్టింపు గంటలు పనిచేసినవాడికి రెట్టింపు కంటే ఎక్కువ ముడుతుంది. పిల్లలున్న ఇంట్లో ఇద్దరూ అలాంటి ఉద్యోగం చేయలేరు కనుక ఒకరు దానిని వదులుకుంటారు. వదులుకునేది ఎవరో మనకు తెలుసు.

దీనికి ఎదురు ఉదాహరణగా ఆవిడ, కాట్జ్ గారు కలిసి మందుల దుకాణాల్లో పనిచేసే ఫార్మసిస్టుల వృత్తిని పరిశీలించారు. అక్కడ ఒకరి పనిని మరొకరు సులభంగా అందుకోగలరు, రోగి వివరాలన్నీ కంప్యూటర్‌లో ఉంటాయి, ఫలానా మనిషే ఉండి తీరాలన్న నియమం లేదు. అందువల్ల తక్కువ గంటలు పనిచేసినా గంట జీతం పెద్దగా పడిపోదు, స్త్రీ పురుషుల తేడా కూడా స్వల్పం. చదువు అదే స్థాయిలో ఉన్నా పనిని అమర్చిన తీరు మారితే ఫలితం మారుతుందన్నమాట.

నిక్కచ్చిగా:

మాస్టారి ఆవేదనను గౌరవిస్తూనే ఒక భిన్నాభిప్రాయం చెబుతాను. సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలని రాజ్యాంగం 39వ అధికరణలో ఉంది. 1976లోనే సమాన ప్రతిఫల చట్టం వచ్చింది. ఒకే కుర్చీలో ఒకే పని చేస్తూ ఆడమనిషి అయినందుకు జీతం తగ్గిస్తే అది నేరం, కోర్టుకు వెళ్లవచ్చు. కానీ ఇక్కడ జరిగింది అది కాదు. రెండున్నరేళ్లు పనికి దూరంగా ఉన్నవారికి, ఆ రెండున్నరేళ్లూ పనిచేసినవారికి ఒకే జీతం ఎందుకు ఇవ్వాలి? అనుభవానికి విలువ లేదంటే రేపు ఏ మగవాడైనా రెండేళ్లు ఇంట్లో కూర్చుని వచ్చి అదే జీతం అడగవచ్చు కదా. దీనిని వివక్ష అనడం కంటే కుటుంబం తీసుకున్న నిర్ణయం అనడం సరైనదని నా అభిప్రాయం.

వేతనాల విభాగం:

నేను పన్నెండేళ్లుగా సాఫ్ట్‌వేర్ సంస్థల మానవ వనరుల విభాగాల్లో ఉన్నాను. రెండున్నరేళ్ల విరామం జీవితాంతపు తేడాగా ఎలా మారుతుందో లోపలి నుంచి చూసినవాణ్ని కనుక చెబుతాను.

మన దగ్గర కొత్తగా చేరేవారి జీతాన్ని ఆ ఉద్యోగం విలువను బట్టి నిర్ణయించడం అరుదు. చివరి ఉద్యోగంలో ఎంత తీసుకున్నారో అడిగి, పాత జీతపు చీటీలు తెప్పించుకుని, దాని మీద ఇరవయ్యో ముప్ఫయ్యో శాతం కలిపి ఇస్తారు. విరామం తర్వాత వచ్చిన అమ్మాయికి ఆ చివరి జీతం మూడేళ్ల కిందటిది. పైగా ఆమెకు వేరే ఆఫర్ చేతిలో ఉండదు, ఇప్పుడు ఉద్యోగంలో లేదు కనుక బేరమాడే బలం ఉండదు. చాలాసార్లు పాత జీతం కంటే తక్కువకే ఒప్పుకుంటుంది. ఆ తర్వాత ప్రతి అప్రైజల్‌లోనూ శాతాల్లోనే పెంపు. మాస్టారూ, మీరు లెక్కల మాస్టారు. చక్రవడ్డీలో అసలు తగ్గితే ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు. గీతల మధ్య దూరం ఏటేటా పెరగడానికి ఒక కారణం ఇదే.

నిక్కచ్చి గారికి ఒక విన్నపం. అనుభవం తగ్గితే జీతం కొంత తగ్గడం న్యాయమే. అయితే మాస్టారి అమ్మాయి, అబ్బాయి అనుభవాల మధ్య తేడా సుమారు మూడున్నరేళ్లు. మూడున్నరేళ్ల అనుభవం తక్కువ ఉన్న మగ ఉద్యోగి జీతం సగానికి పడిపోయి ఉండటం నేను చూడలేదు. సగంలో అనుభవం వాటా ఎంత, పాత జీతపు చీటీ వాటా ఎంత, తల్లి అయిన మనిషి రాత్రి కాల్స్‌కు రాలేకపోతుందేమోనన్న మేనేజరు ఊహ వాటా ఎంత అన్నది విడదీసి చూడాలి. మూడోదాన్ని ఎవరూ కాగితం మీద రాయరు.

ఇంకొక విషయం. ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణతో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది, యాభై మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థల్లో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్నారు. సవరణ మంచిదే. కానీ ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) పరిధిలో లేని ఉద్యోగినుల విషయంలో ఆ ఆరు నెలల జీతం పూర్తిగా యజమాని మీదే పడుతుంది. పెద్ద సంస్థలు భరిస్తాయి. చిన్న సంస్థలు కొత్తగా పెళ్లయిన అమ్మాయి దరఖాస్తును చూసే చూపు మారుతుంది. ఆ ఖర్చును సామాజిక బీమా నుంచి చెల్లించే ఏర్పాటు ఉంటే ఈ అడ్డు తొలగేది.

పల్నాటి రైతుబిడ్డ:

ఇప్పటిదాకా మాటలన్నీ ఇంజనీర్ల చుట్టూ తిరిగాయి. చదువు లేనిచోట తేడా ఎలా ఉంటుందో కూడా చూడాలని కోరుతున్నాను.

మా ఊళ్లో ఒకే చేలో ఒకే ఎండలో పనిచేసే మగకూలికి ఒక రేటు, ఆడకూలికి ఒక రేటు. చట్టం వచ్చి యాభై ఏళ్లయినా ఇది ఎలా సాగుతోందంటే, పనికే ఆడ, మగ పేర్లు ఉన్నాయి. నాట్లు, కలుపుతీత, మిరపకాయ కోత ఆడవాళ్ల పనులు. మందు కొట్టడం, బస్తాలు మోయడం, గట్లు వేయడం మగవాళ్ల పనులు. వేరు పని కనుక వేరు కూలి అంటారు. ఏప్రిల్ ఎండలో మిరప తోటలో రోజంతా వంగి కోసే పని, ఆ ఘాటుకు చేతులు మండుతూ ఇంటికి వచ్చి అన్నం కలుపుకోలేని పని, ఏ విధంగా తేలికైనదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మా అమ్మ చేతులు చూసినవాణ్ని కనుక ఈ మాట అంటున్నాను.

2005 నాటి ఉపాధి హామీ చట్టం మా ఊరికి వచ్చాక మొదటిసారి ఆడా మగా ఒకే రేటున కూలి తీసుకున్నారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ పనిదినాల్లో సగానికి పైగా మహిళలవే కావడానికి అది ముఖ్య కారణం. చేసిన మట్టిపనిని కొలిచి డబ్బు ఇచ్చారు, చేసినవారు ఎవరని చూడలేదు.

ఇందూరు నర్సు:

మాది నిజామాబాద్ జిల్లా. మా అమ్మ బీడీలు చుట్టి నన్ను చదివించింది. వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క. ఆకు నానబెట్టడం, కత్తిరించడం, చుట్టడం, కట్టలు కట్టడం అన్నీ ఇంట్లోనే, వంటకూ పిల్లల పనికీ మధ్య దొరికిన సమయంలోనే. బాగాలేవని పక్కన పడేసిన బీడీలకు డబ్బు రాదు. ఇంట్లో కూర్చుని చేసే పని కనుక ఎన్ని గంటలు పట్టిందని అడిగేవారు లేరు.

నేను జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. చదువు నా జీవితాన్ని మార్చలేదని ఎవరన్నా ఒప్పుకోను. అమ్మ నెలంతా చుట్టి సంపాదించినదానికి నా జీతం ఎన్నో రెట్లు. మాస్టారూ, మీరు ఆడపిల్లల ఇళ్లకు వెళ్లి చెప్పినది అబద్ధం కాదండి. నా కోసం కూడా ఒక టీచరమ్మ మా ఇంటికి వచ్చింది.

అయితే నాకు వేరే ప్రశ్న ఉంది. నర్సింగ్‌లో దాదాపు అందరమూ ఆడవాళ్లమే. మూడేళ్ల చదువు, రాత్రి డ్యూటీలు, ఒక ప్రాణం నిలబడుతుందా లేదా అన్న బాధ్యత ఉన్నా మా జీతాలు ఇంత తక్కువగా ఉన్నది, ఈ పని ఆడవాళ్లది అనుకోవడం వల్లనా? ఇదే శ్రమ, ఇదే చదువు మగవాళ్ల వృత్తికి ఉంటే రేటు ఇలాగే ఉండేదా?

గణాంకాలు:

ఇందూరు సోదరి అడిగిన ప్రశ్న ఈ చర్చకంతటికీ గుండెకాయ వంటిది. దాన్ని అందుకుంటూ కొంత సాంకేతికంగా రాస్తాను, ఓపికతో చదవండి.

చదువుకూ సంపాదనకూ మధ్య సంబంధాన్ని కొలవడానికి ఆర్థికవేత్త జేకబ్ మిన్సర్ 1974లో స్థిరపరిచిన సమీకరణాన్ని ఇప్పటికీ వాడుతున్నారు. అనేక దేశాల ఫలితాలను సమీక్షించిన సకరోపులోస్, పట్రినోస్ 2018లో ఇచ్చిన లెక్క ప్రకారం, ఒక ఏడాది అదనపు చదువు సంపాదనను సగటున 9 శాతం వరకు పెంచుతుంది. ఆ పెరుగుదల పురుషులకంటే స్త్రీలకే ఎక్కువ. మరి స్త్రీల సంపాదన తక్కువ ఎలా అయింది? మాస్టారికి వాలు, అంతరఖండం అంటే చాలు. స్త్రీల గీత వాలు ఎక్కువ, కానీ అది మొదలయ్యే బిందువు చాలా కింద ఉంది. చదువులేని ఆడమనిషి సంపాదన మరీ తక్కువ కనుక, చదువు ఆమెను ఎక్కువ రెట్లు పైకి తెస్తుంది. పైకి తెచ్చినా పక్క గీతను అందుకోలేకపోవచ్చు. ఇందూరు సోదరి అనుభవమూ మాస్టారి గ్రాఫూ రెండూ నిజమే.

ఇక తేడాను విడదీయడానికి 1973లో ఒవహాకా, బ్లైండర్ వేర్వేరుగా ఒక పద్ధతి ప్రతిపాదించారు. చదువు, అనుభవం, వృత్తి వంటి వాటితో వివరించగలిగిన భాగం ఒకటి, వివరించలేని భాగం ఒకటి. వివరించలేని భాగాన్ని వివక్షకు సూచికగా తీసుకుంటారు. నిక్కచ్చి గారి వాదమంతా వివరించగలిగిన భాగం మీద నిలబడింది. కానీ ఆడపిల్లను నర్సింగ్‌కూ మగపిల్లవాణ్ని ఐటీఐలో ఎలక్ట్రీషియన్‌కూ పంపిన నిర్ణయం, బిడ్డ పుట్టాక ఉద్యోగం మానేసిన నిర్ణయం, ఇవన్నీ ఆ లెక్కలో వివరించగలిగిన భాగంలోకే వెళ్లిపోతాయి. కారణం దొరికిందంటే అన్యాయం లేదని కాదు, అన్యాయం ఏ మెట్టు మీద జరిగిందో తెలిసిందని అర్థం.

రెండో చిక్కు ఇంకా పెద్దది. జీతాల సగటు తీసేది జీతం ఉన్నవారికే. మన దేశంలో చదువుకూ స్త్రీల ఉద్యోగానికీ సంబంధం సరళరేఖ కాదు, గిన్నె ఆకారం. చదువు లేనివారు గత్యంతరం లేక పనిచేస్తారు, పెద్ద చదువులు చదివినవారు మంచి ఉద్యోగం దొరికి పనిచేస్తారు, మధ్యలో పదో తరగతి, ఇంటర్ చదివిన స్త్రీలు ఎక్కువగా ఇంట్లోనే ఉండిపోతారు. కూలికి వెళ్లడం ఆ చదువుకు తగదంటారు, తగిన ఉద్యోగం ఊళ్లో ఉండదు. కార్మిక సర్వే ప్రకారం పదిహేనేళ్లు దాటిన స్త్రీల శ్రామిక భాగస్వామ్యం (పనిచేస్తున్న లేదా పని వెతుకుతున్నవారి వాటా) 2017-18లో 23.3 శాతం ఉండి 2023-24 నాటికి 41.7 శాతానికి పెరిగింది. పెరుగుదలలో పెద్ద భాగం స్వయం ఉపాధి, అందులో ఇంటి సేద్యంలో, ఇంటి దుకాణంలో జీతం లేకుండా చేసే సాయం కూడా ఉంది. పనిలో ఉన్నట్టు లెక్కకు వచ్చినా ఆమె చేతికి రూపాయి రాదు. మరోవైపు 2021-22 నాటికే ఉన్నత విద్యలో ఆడపిల్లల నమోదు నిష్పత్తి 28.5 శాతం, మగపిల్లలది 28.3. కళాశాల గేటు దాకా సమానత్వం వచ్చింది. మాస్టారి గ్రాఫు మొదలయ్యేది ఆ గేటు దాటాకే.

ప్రాజెక్టు పర్యవేక్షకురాలు:

ప్రభుత్వ ఉద్యోగంలో ఈ సమస్య లేదని కొందరు అనుకుంటారు. ఒక విధంగా నిజమే. 1984లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తన ఉద్యోగ సర్వీసు నిబంధనల్లో చేర్చిన 22-ఎ నిబంధనతో ప్రత్యక్ష నియామకాల్లో మహిళలకు కనీసం 30 శాతం దక్కింది, 1995లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఒకే క్యాడర్‌లో ఆడా మగా ఒకే స్కేలు. ప్రసూతి సెలవుకు వెళ్లివచ్చినా ఇంక్రిమెంటు పోదు. మా ఇంట్లో ఆడా మగా జీతాల మధ్య తేడా రాకపోవడానికి అదే కారణం.

కానీ నా కింద పనిచేసే అంగన్‌వాడీ కార్యకర్తలు అందరూ మహిళలే, వారిలో డిగ్రీ చదివినవారున్నారు. వారికి ఇచ్చేదాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. 2023 డిసెంబరు నుంచి 42 రోజులు సమ్మె చేసినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో కార్యకర్తకు నెలకు 11,500, ఆయాకు 7,000 రూపాయలు. గ్రాట్యుటీకి వీరు అర్హులని చెప్పడానికి కూడా 2022లో సుప్రీంకోర్టు తీర్పు కావలసి వచ్చింది. చంటిపిల్లల్ని చూసుకోవడం ఆడవాళ్లకు సహజంగా వచ్చేదే కదా అన్న ఆలోచన ఆ అంకెల్లో ఉంది.

నిక్కచ్చిగా:

గణాంకాలు గారి వివరణ చదివాక నా మొదటి మాటను కొంత సవరించుకుంటున్నాను. కుటుంబం తీసుకున్న నిర్ణయం అన్నాను. ఆ కుటుంబంలో నిర్ణయించే స్థానంలో ఎవరున్నారని నేను అడగలేదు. ఒక్క మాట మీద మాత్రం ఇప్పటికీ నిలబడతాను: తేడా అంతా యజమాని మీద మోపితే పరిష్కారం దొరకదు. డెన్మార్క్ వంటి దేశంలో, అన్ని సదుపాయాలూ ఉన్నచోట కూడా, మొదటి బిడ్డ పుట్టాక తల్లుల సంపాదన దీర్ఘకాలంలో ఇరవై శాతం మేర తగ్గి ఉండిపోతోందని, తండ్రుల సంపాదనలో మార్పు లేదని పరిశోధకులు చూపారు. చట్టం చేరలేని చోటు ఒకటి ఉంది.

గచ్చిబౌలి అమ్మ:

నిక్కచ్చి గారు చెప్పిన ఆ చోటు ఇల్లు. 2019 నాటి సమయ వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటి పనిలో రోజూ పాలుపంచుకునే స్త్రీలు 81.2 శాతం, పురుషులు 26.1 శాతం. పాలుపంచుకున్నవారిలో కూడా స్త్రీలు సగటున రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. నేను టీమ్ లీడ్‌గా ఉన్నప్పుడు అమెరికా క్లయింటుతో కాల్ రాత్రి తొమ్మిదికి ఉండేది. అదే సమయానికి పాపకు అన్నం పెట్టి పడుకోబెట్టాలి. నా సహోద్యోగి ఆ కాల్‌లో నిశ్చింతగా కూర్చునేవాడు, ఆయన ఇద్దరు పిల్లలకు అదే సమయంలో అన్నం పెడుతున్న మనిషి ఒకరు ఆ ఇంట్లో ఉన్నారు కనుక. పదోన్నతి ఆయనకు వచ్చింది. ఆయన సమర్థుడే, నేను కాదనను.

మాస్టారూ, చిన్నదాన్నైనా ఒకటి అడుగుతాను, మన్నించండి. మీరు రెండు గీతలు గీశారు. మీ అబ్బాయికి పెళ్లయిందా? మీ కోడలు గారి గీత ఎక్కడుంది?

గోదావరి మాస్టారు:

అందరి సమాధానాలూ రెండేసి సార్లు చదివాను. వెంటనే జవాబు రాయకపోవడానికి కారణం గచ్చిబౌలి అమ్మాయి అడిగిన చివరి ప్రశ్న.

మా కోడలు ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. 2014 నుంచి ఉద్యోగం చేసింది. 2019లో కవలలు పుట్టాక మానేసింది, మళ్లీ చేరలేదు. ఆమె రిటర్నులు కూడా మూడేళ్లు నేనే దాఖలు చేశాను. ఆ కాగితాలు ఇదే బీరువాలో ఇదే అరలో ఉన్నాయి. గీతలు గీసిన రోజున అవి నా చేతికి తగిలాయి కూడా, పక్కన పెట్టాను. గీయడానికి ఏమీ లేదనుకున్నాను.

నిన్న సాయంత్రం మూడో గీత గీశాను. అది 2019 దాకా వెళ్లి ఆగిపోతుంది. మా అబ్బాయి గీత సరిగ్గా ఆ ఏడాది నుంచే నిటారుగా లేస్తుంది. వాడు ఆర్నెల్లు బెంగళూరు ప్రాజెక్టుకు వెళ్లిందీ, రాత్రి పనికి ఒప్పుకుని మేనేజరు అయిందీ ఆ తర్వాతే. అమ్మాయి జీతం సగానికి తగ్గిందని నేను బాధపడుతున్న ఆ అన్న జీతంలో కోడలి జీతం కూడా కలిసి ఉందని ఆ కాగితం చూస్తే అర్థమైంది.

ఈ ఉదయం కోడలికి ఫోను చేశాను. మళ్లీ ఉద్యోగంలో చేరాలని ఉందా అమ్మా అని అడిగితే, కాసేపు మాట్లాడలేదు. తర్వాత, రెండేళ్లుగా రాత్రిళ్లు పిల్లలు పడుకున్నాక చిప్ డిజైన్‌లను పరీక్షించే పనికి సంబంధించిన కోర్సు చదువుతున్నానని, ఇంట్లో ఎవరికీ చెప్పలేదని అంది. నేనూ మా ఆవిడా వచ్చే నెల హైదరాబాదు వెళ్లి ఒక ఏడాది ఉండబోతున్నాం. పిల్లల్ని బడి నుంచి తెచ్చే పని, సాయంత్రం లెక్కలు చెప్పే పని నాది. రాత్రి అన్నం పెట్టే పని మా అబ్బాయిది. వాడితో ఆ మాట నేనే మాట్లాడాను.

వేతనాల విభాగం గారికి ఒక ప్రశ్న. ఆరేళ్ల విరామం తర్వాత ఇంటర్వ్యూకు వెళ్లే ఆమెను చివరి జీతం ఎంతని అడిగితే ఏమని జవాబు చెప్పాలి? ఆమెకు చెప్పవలసి ఉంది.

వేతనాల విభాగం:

మాస్టారూ, పాత జీతం చెప్పనక్కరలేదు. "ఈ ఉద్యోగానికి మీ సంస్థ కేటాయించిన జీతపు శ్రేణి ఎంత?" అని ఆమెనే ముందుగా అడగమనండి. అడిగితే చాలా సంస్థలు చెబుతాయి. ఒత్తిడి చేస్తే, 2019 నాటి అంకె నేటి పనికి కొలమానం కాదని, తాను ఆశించేది ఇంత అని ఒక్క అంకె స్పష్టంగా చెప్పమనండి. ఆ అంకె ఎంత ఉండాలో ఆమె కోర్సు వివరాలు పంపితే నేను సాయపడతాను. విరామం తర్వాత వచ్చే మహిళల కోసం కొన్ని పెద్ద సంస్థలు ప్రత్యేక నియామకాలు జరుపుతున్నాయి, వాటిలో చేరే ముందు మొదటి ఆరు నెలల తర్వాత జీతాన్ని మళ్లీ సమీక్షిస్తామన్న మాటను ఆఫర్ లెటర్‌లోనే రాయించుకోమనండి.